ఇరవై గ్రాముల మొగ్గు

ఆ రోజు పొద్దున తూనికల ఇన్స్పెక్టరుగారు పెట్టుకున్న పనులు నాలుగంటే నాలుగు. వేలు గుచ్చుకుని షుగరు చూసుకోవడం, రెండు బన్నులు తూచుకోవడం, ఆ తూకాన్ని బట్టి ఇన్సులిన్ వేసుకుని తినడం, తొమ్మిదిన్నరకల్లా ఆఫీసులో కూర్చోవడం. అన్నిట్లోకీ జాగ్రత్తగా చేయాల్సింది తూచుకోవడమేనని డాక్టరు చెప్పినప్పుడు ఆయనకు నవ్వొచ్చింది. ఇరవై రెండేళ్ళుగా ఊళ్ళో కొట్లవాళ్ళనందరినీ గడగడలాడించిన మనిషికి బన్ను తూచడం ఒక లెక్కా!

డాక్టరు చెప్పిన పద్ధతి కూడా తేలికే. తినేదాంట్లో పిండిపదార్థం ఎన్ని గ్రాములుందో చూసుకోవాలి. ప్రతి పది గ్రాములకూ ఒక యూనిట్ ఇన్సులిన్. తక్కువ వేసుకుంటే షుగరు పైకెక్కుతుంది, ఎక్కువ వేసుకుంటే పడిపోయి చెమటలు, వణుకు, కళ్ళు తిరగడం. "ఒక్క గ్రాము తేడా రానిస్తే నా పేరు మార్చేయండి డాక్టరుగారూ," అని ఈయన మాటిచ్చి వచ్చాడు. ఆఫీసులో ఈయన్ని చాటుగా మిల్లీగ్రామ్ సారు అంటారంటే ఊరికే అంటారా మరి.

అయితే ఈ ఇన్సులిన్ సంగతి ఇంట్లో భార్యకు తప్ప నరమానవుడికి తెలియకూడదని ఆయన పట్టుబట్టాడు. ఇన్స్పెక్టరంటే ఇతరుల లోపాలు పట్టేవాడు. తన ఒంట్లోనే లోపముందని తెలిస్తే రేపు ఏ కొట్టువాడు లేచి నిలబడతాడు? ఆఫీసులో అందరూ జాలిగా చూస్తారు, ఫైళ్ళు మోయనివ్వరు, వెనక్కి తిరగ్గానే గుసగుసలు. అదంతా తలచుకుంటేనే ఆయనకు ప్రాణం చచ్చిపోయేది. ఇంట్లో కూడా స్నానాల గదిలోకి వెళ్ళి గడియ పెట్టుకుని మరీ సూది వేసుకునేవాడు.

"జబ్బే కదండీ, దొంగతనం కాదు కదా," అనేది భార్య.

జబ్బును దాచడం కోసం ఆయన చిన్న దొంగతనమే చేశాడని ఆవిడకు తెలియదు. కొత్తగా కొన్న వంటింటి త్రాసును వాడే ముందు ఒక సరైన తూకం రాయి పెట్టి దానికి బరువు నేర్పాలి. ఆఫీసులో అసలు సిసలు రాళ్ళు పెట్టెనిండా ఉన్నాయి. కానీ ఒక్కటి బయటికి తీసినా రిజిస్టరులో సంతకం పెట్టి, ఏ పని కోసమో రాయాలి. అక్కడ ఏమని రాస్తాడు, బన్నులు తూచుకోవడానికనా? అందుకని వెనక గదిలోని బీరువా తెరిచాడు. కొట్లలో జప్తు చేసిన రాళ్ళన్నీ దాంట్లో పడి ఉంటాయి, అడిగేవాడు లేడు. రెండు వందల గ్రాములని చెక్కి ఉన్న ఇత్తడి రాయి ఒకటి జేబులో వేసుకున్నాడు. ఆ బీరువాలోకి రాళ్ళు ఎందుకు వస్తాయో ఆయనకంటే బాగా తెలిసినవాళ్ళు ఊళ్ళో లేరు. ప్రతి రాయినీ బోర్లా తిప్పి వేలితో తడిమే మనిషి, దీన్ని మాత్రం తిప్పలేదు. చాటుగా తీసేవాడికి ఆ తీరిక ఎక్కడిది!

ఆ రాయి అడుగున లోపలికంటా తొలిచేసి ఉంది. అది నూట యాభై గ్రాములకు ఒక్క పిసరు కూడా ఎక్కువ తూగదు. పాపం వంటింటి త్రాసు దాన్నే రెండు వందలని నమ్మింది. ఆనాటి నుంచి అరవై గ్రాముల బన్ను పెడితే ఎనభై అని చూపించడం మొదలుపెట్టింది. ఇన్స్పెక్టరుగారు ఆ ఎనభైలో సగం పిండిపదార్థమని లెక్కగట్టి, మూడు యూనిట్లు వేసుకోవాల్సిన చోట నాలుగు వేసుకుంటూ వచ్చాడు.

వరసగా ఐదు రోజులు, పదీ పదకొండు మధ్య ఆయనకు చెమటలు పట్టాయి. చెమట పట్టగానే ఫైలు మూసి, దొడ్డివైపు గదిలోకి పోయి, తలుపేసుకుని నాలుగు చక్కెర బిళ్ళలు నమిలి వచ్చేవాడు. రేపో మాపో రిటైరయ్యే అటెండరు ఇది కనిపెట్టాడు. సారుకు ఇంట్లో భార్యతో పడటం లేదని, ఆవిడ తిండి మానిపించిందని, అందుకే దొంగచాటుగా తింటున్నాడని తేల్చుకుని, ఆరో రోజు నుంచి తన టిఫిను డబ్బాలో సగం తెచ్చి సారు బల్ల మీద పెట్టసాగాడు. సారు వద్దనలేదు, ఎందుకని అడగనూ లేదు.

ఇదిగో, ఆ పొద్దున రెండు బన్నులు త్రాసు మీద పెట్టి ఇన్స్పెక్టరుగారు కేకేశాడు.

"దొరికాడు! ప్యాకెట్టు మీద బన్ను అరవై అని రాశాడు, ఇక్కడ రెండూ కలిపి నూట అరవై. బరువు దగ్గరే అబద్ధమాడినవాడు పిండిపదార్థం దగ్గర నిజం రాస్తాడా? వారం నుంచి నాకు కళ్ళు తిరిగేది ఈ బేకరీవాడి వల్లే."

"ఎక్కువిస్తే మంచిదేగా?" అంది భార్య.

"చట్టానికి ఎక్కువా తక్కువా లేదే. రాసినదానికీ ఇచ్చేదానికీ తేడా ఉంటే తప్పే."

"నిన్న నేను ఉల్లిపాయలు తూచినా ఎక్కువే వచ్చాయండీ. మన త్రాసే తిక్కగా ఉందేమో."

"మన త్రాసా? దాన్ని సరిచేసిందెవరనుకున్నావు? నేను!"

ఆ 'నేను' విని ఆవిడ వెళ్ళి పాలు పొయ్యి మీద పెట్టుకుంది. ఆయన ఎనిమిది యూనిట్లు వేసుకుని, రెండు బన్నులూ తిని, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, ఇంట్లో ఉన్న ఆ ఇత్తడి రాయిని సంచీలో వేసుకుని బయలుదేరాడు. చక్కెర బిళ్ళలు నిన్నటి చొక్కా జేబులోనే ఉండిపోయాయి. దారిలో అటెండరుకు ఫోన్ చేసి, ఆఫీసు రాళ్ళ పెట్టె తీసుకుని తిన్నగా బేకరీకి రమ్మన్నాడు.

బేకరీ చిన్నది. అద్దాల బీరువా, దాని వెనక ఇనుప పళ్ళేలు, మోచేతుల దాకా పిండి అంటుకున్న బేకరీ ఆయన. పొయ్యి గది వేడికి వెనక గోడ ఎప్పుడూ వెచ్చగా ఉంటుంది. వరసలో పదిమంది నిలబడి ఉన్నారు. ఇన్స్పెక్టరుగారు వరసను దాటుకుని ముందుకెళ్ళి కార్డు చూపించాడు.

"ఒక బన్ను తూచు."

బేకరీ ఆయన తూచాడు. అరవై.

"బాగుంది. ఇప్పుడు ఇది తూచు," అని సంచీలోంచి రాయి తీసి త్రాసు మీద పెట్టాడు. త్రాసు నూట యాభై చూపించింది.

"చూశావా? రెండు వందల రాయి పెడితే నూట యాభై చూపిస్తోంది నీ త్రాసు. ఇంత తప్పుడు త్రాసు నా సర్వీసులో చూడలేదు!"

బేకరీ ఆయన మొహం పాలిపోయింది. "పోయిన నెలేగా సార్ త్రాసుకు మీ ఆఫీసు ముద్ర వేయించాను... అంటే ఇప్పుడు నేను..."

"అంటే నువ్వు అరవై అని చెప్పి ఇచ్చే బన్ను నిజానికి ఎనభై గ్రాములు!"

వరసలో మూడో మనిషి నెమ్మదిగా అన్నాడు. "అంటే... ఎక్కువిస్తున్నాడన్నమాట."

"బన్నుకు ఇరవై గ్రాముల మొగ్గా!"

"ఎవరన్నారు?"

"ఎవరో కాదు, తూనికల ఇన్స్పెక్టరే స్వయంగా చెబుతున్నాడు!"

అంతే. పదిమంది పాతికమంది అయ్యారు. పాతికమంది వీధి మలుపు దాటారు. ఒక్కొక్కరు పది, పన్నెండు బన్నులు అడుగుతున్నారు. బేకరీ ఆయనకు ఏడవాలో నవ్వాలో తెలియలేదు. జైలుకు పోతానేమోనని భయపడుతున్నవాడికి రొట్టె విరిగి నేతిలో పడ్డట్టయింది. ఒక చేత్తో ఇన్స్పెక్టరుకు దణ్ణం పెడుతూ రెండో చేత్తో బన్నులు కట్టి ఇవ్వసాగాడు.

"అమ్మకం ఆపు! ఎవరూ కొనొద్దు!" అని ఇన్స్పెక్టరుగారు అరిచాడు.

"మొత్తం ఆఫీసుకు పట్టుకుపోతారు కాబోలు, త్వరగా ఇవ్వవయ్యా!" అని జనం తోసుకొచ్చారు.

ఆయన ఎలాగో మూడు బన్నులు కాగితం సంచీలో వేసి, లక్క కరిగించి, సాక్ష్యం కింద సీలు వేశాడు. సీలు వేస్తుంటేనే వేళ్ళు వణికాయి. మెడ వెనక చెమట మొదలైంది. రిపోర్టు రాయబోతే మొదటి వాక్యమే మూడుసార్లు రాశాడు. జేబు తడుముకుంటే ఖాళీ. చుట్టూ బీరువానిండా చక్కెర అద్దిన రొట్టెలే, కేకులే. నోరు తెరిచి ఒక్కటి అడిగితే సరిపోయేది. కానీ అడిగితే ఎందుకంటారు, ఎందుకంటే ఇన్సులిన్ అనాలి. అదీకాక వ్యాపారి చేతి నుంచి మంచినీళ్ళు కూడా ముట్టని వ్రతం ఒకటి ఆయనకు ఉండనే ఉంది.

"ఏంటయ్యా, ఊగుతున్నాడు," అన్నారెవరో.

"మాట కూడా ముద్దగా వస్తోంది. పొద్దున్నే పట్టించి వచ్చినట్టున్నాడు."

బేకరీ ఆయన బల్ల మీదికి వంగి, గొంతు తగ్గించి అడిగాడు. "సార్, ఏమైనా... తీసుకున్నారా?"

ఇన్స్పెక్టరుగారికి ఆ మసక బుర్రలో రెండు దారులు కనిపించాయి. ఒకటి, షుగరు పడిపోయిందని చెప్పడం. రెండోది, డ్యూటీలో తాగి వచ్చానని ఒప్పుకోవడం. జీవితంలో చుక్క ముట్టని ఆ మనిషి ఒక్క క్షణం ఆలోచించి, నలభై మంది ఎదుట తల ఊపాడు.

"అవును... కొంచెం."

సరిగ్గా అప్పుడే అటెండరు పెట్టె మోసుకుంటూ వచ్చాడు. "అయ్యయ్యో, ఏం మాటలండీ అవి! మా సారు తాగడమేంటి? ఇంట్లో ఆవిడ తిండే పెట్టదు, ఇంక మందు కూడానా!" అని సారు పరువు కాపాడాడు. జనం అయ్యోపాపం అన్నారు. ఒక పెద్దమనిషి అప్పటికే తూనికల ఆఫీసుకు ఫోన్ చేసి, మీ ఇన్స్పెక్టరు తాగి గొడవ చేస్తున్నాడని పై అధికారికి చెప్పేశాడు.

ఆ తరవాత జరిగినదాన్ని ఇన్స్పెక్టరుగారు ఇప్పటికీ తలచుకోడు. ఆయన చేయి ఆయన్ని అడగకుండానే సీలు వేసిన సంచీ మీదికి పోయింది. లక్క పటపటా రాలింది. ప్రభుత్వ సాక్ష్యంలోంచి ఒక బన్ను తీసి, రెండు చేతులతో పట్టుకుని, పసిపిల్లవాడిలా కొరకడం మొదలుపెట్టాడు.

"అదిగో, సాక్ష్యం తినేస్తున్నాడు!" అని వరసంతా గొల్లుమంది.

ఆ గోలకు పొయ్యి గదిలోంచి బేకరీ ఆయన భార్య బయటికొచ్చింది. ఒక్కసారి చూసింది. తిన్నగా వచ్చి ఆయన మెడ మీద చేయి పెట్టింది.

"తాగుడూ లేదు, ఏమీ లేదు. షుగరు పడిపోయింది. జరగండి, గాలి రానివ్వండి," అని, వీధి చివరిదాకా వినపడే గొంతుతో అడిగింది. "అన్నయ్యగారూ, పొద్దున ఇన్సులిన్ ఎన్ని యూనిట్లు వేసుకున్నారు?"

దాచిన గుట్టు ఒక్క మాటతో నడివీధిలో పడింది. ఆవిడ గ్లాసు నీళ్ళలో నాలుగు చెంచాల చక్కెర కలిపి నోటికందించింది.

"నేను... వ్యాపారుల దగ్గర... ఏమీ..."

"ముందు తాగండి. నీతి తరవాత చూద్దాం."

తాగించింది. పిండి బస్తా మీద కూర్చోబెట్టింది. తన సంచీలోంచి షుగరు చూసే మెషిను తీసి, కొత్త సూదితో వేలు గుచ్చింది. యాభై రెండు. పావుగంట తరవాత మళ్ళీ గుచ్చింది. ఎనభై ఎనిమిది. ఆలోపల మిగతా బన్ను కూడా తినమంది. ఆయన తలొంచుకుని తిన్నాడు. తల కొట్టేసినట్టుంది.

"నాకు తొమ్మిదో ఏట నుంచి ఇదే బతుకు," అందావిడ, కూరలో ఉప్పు తగ్గిందన్నంత మామూలుగా. "ఇక్కడే బల్ల దగ్గర నిలబడి వేసుకుంటాను. ఎవరేమనుకుంటారు? మరి మీరేం తిన్నారు పొద్దున?"

"మీ బన్నులే. రెండు."

"రెండింటికి ఆరు యూనిట్లేగా?"

"నూట అరవై గ్రాములు తూగాయి. ఎనిమిది వేసుకున్నాను."

"మా బన్ను అరవై దాటదండీ. దాటితే మొదట తేడా చేసేది నాకే."

బేకరీ ఆయన చేతులు తుడుచుకుంటూ అన్నాడు. "పిండి ముద్ద డెబ్భై తూచి పెడతాను సార్. కాలాక అరవై అవుతుంది. ఆవిడ లెక్క తప్పకూడదని ప్రతి ముద్దా తూస్తాను. ఇంకెవరి కోసమూ కాదు."

ఇన్స్పెక్టరుగారు ఏదో అనబోయే లోపల పై అధికారిణి జీపు దిగింది. తాగిన మనిషిని చూడటానికి వచ్చిన ఆవిడకు పిండి బస్తా మీద బన్ను తింటున్న మనిషి కనిపించాడు. అటెండరు జరిగిందంతా చెప్పాడు, తిండి పెట్టని భార్యతో సహా. అధికారిణి ఆఫీసు పెట్టెలోంచి రెండు వందల రాయి తీయించి దుకాణం త్రాసు మీద పెట్టించింది. త్రాసు రెండు వందలే చూపించింది. వెంట్రుకవాసి తేడా లేదు.

"మరి ఈ రాయేంటి?" అని బల్ల మీదున్న ఇత్తడి రాయి చూపించింది.

అటెండరు దాన్ని తీసుకుని, అలవాటు కొద్దీ బోర్లా తిప్పాడు. "అరె! ఇది మన బీరువాలో దొంగ రాయి కదా మేడం! పోయినేడు చేపల కొట్టులో మన సారే పట్టుకున్నారు. అడుగున తొలిచింది చూడండి."

శకునం చెప్పే బల్లి కుడితిలో పడిందంటే ఇదే. వీధంతా చెవులు రిక్కించింది. భూమి చీలితే దూరిపోదామని ఇన్స్పెక్టరుగారు నేలకేసి చూశాడు. నేల మీద పిండి తప్ప ఏమీ లేదు.

"ఈ రాయి మీ దగ్గరికెలా వచ్చింది?" అంది అధికారిణి.

"నేనే తీశాను మేడం. ఎవరికీ చెప్పకుండా. రిజిస్టరులో రాయాల్సొస్తే షుగరు సంగతి బయటపడుతుందని సిగ్గేసింది."

"షుగరుందని సిగ్గుపడ్డారు. జప్తు చేసిన రాయి జేబులో వేసుకున్నప్పుడు సిగ్గేయలేదా?"

ఆవిడ గొంతు పెంచలేదు. పెంచి ఉంటే బాగుండేదని ఆయనకనిపించింది. "అప్పుడేయలేదు మేడం. ఇప్పుడేస్తోంది," అన్నాడు. ఇరవై రెండేళ్ళలో ఎంతమంది కొట్లవాళ్ళు ఇలాగే తన ఎదుట నేల చూపులు చూశారో గుర్తుకొచ్చింది. వాళ్ళలో ఒక్కడిని కూడా ఒంట్లో ఎలా ఉందని తను అడిగి ఎరగడు. బేకరీ ఆయన వైపు తిరిగి, "తప్పు నాదే. మీ త్రాసు నిఖార్సైనది. నన్ను క్షమించండి," అని రెండు చేతులూ జోడించాడు. మొదటిసారి ఆయన నోట ఒక కొట్టువాడికి 'మీ' వచ్చింది.

కథ అక్కడితో ముగిస్తే ఇన్స్పెక్టరుగారి అదృష్టం బాగున్నట్టే. బాగోలేదు.

"అయితే బన్ను అరవయ్యేనా?" అన్నారు వరసలోంచి.

"ఎనభై అంటేనేగా పన్నెండు కొన్నాను!"

"ఎనభై అని చెప్పి అరవై అంటగడతావా? మోసం! తూకంలో మోసం!"

అరగంట క్రితం బేకరీ ఆయన్ని ఆకాశానికెత్తిన జనమే ఇప్పుడు ఆయన మీదికి ఎగబడ్డారు. బన్నులు వెనక్కి పడుతున్నాయి. ఒకడు అద్దాల బీరువా మీద గుద్దాడు. ఇక ఈ దుకాణంలో అడుగు పెట్టనని ఇంకొకడు ఒట్టేశాడు. బేకరీ ఆయన భార్య మొదటిసారి కంగారుగా చూసింది. ముద్ద ముద్దా తూచి సంపాదించుకున్న మంచి పేరు పోవడానికి పది నిమిషాలు చాలేట్టుంది.

ఇన్స్పెక్టరుగారు లేచి బల్ల దగ్గరికొచ్చాడు. అందరికీ కలిపి చెబితే గోలలో ఎవరికీ వినపడలేదు. అధికారిణి ఒక పీట చూపించి, "అయితే ఒక్కొక్కరికీ చెప్పండి. నేనిక్కడే ఉంటాను. మెమో సాయంత్రం ఇస్తాను," అంది.

చెప్పాడు. మొదటి మనిషికి చెప్పడానికి ఐదు నిమిషాలు పట్టింది. చెవులు ఎర్రబడ్డాయి, సగంలో కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "నాకు షుగరుందండీ. ఇన్సులిన్ వేసుకుంటాను. ఆ సంగతి దాచడానికి దొంగ రాయి తీశాను. దాంతో తూచి ఈయన మీద నింద వేశాను. బన్ను అరవయ్యే, ఈయన తప్పు ఏమీ లేదు." పదో మనిషి దగ్గరికొచ్చేసరికి మాటలు వాటంతటవే రాసాగాయి. ఒకావిడ మంచి డాక్టరు నంబరు రాసిచ్చింది. ఒకాయన తనకు మూడు వందలు దాటిందని గొప్పగా చెప్పుకున్నాడు. ఒక లావుపాటి మనిషి అటూ ఇటూ చూసి, చెవిలో, "నాదీ అదే కేసు సార్, మా ఇంట్లో కూడా తెలియదు, ఎవరితోనూ అనకండి," అన్నాడు. అతన్ని పొయ్యి గదిలోకి పంపి, బేకరీ ఆయన భార్యతో మాట్లాడమన్నాడు. అలా ఒకటి కాదు, రెండు కాదు, నలభై ఒక్కసార్లు తన సిగ్గును తనే బల్ల మీద పెట్టాడు. మనుషులు ఒక్కొక్కరే చల్లబడి, తమ బన్నులు తాము తీసుకుని వెళ్ళారు.

నలభై రెండో మనిషి చేతిసంచీతో ముందుకొచ్చాడు. మొదటినుంచీ చివరిదాకా, ఒక్క మాట అడ్డు చెప్పకుండా, తలూపుతూ విన్నాడు. వినేసి, ఇన్స్పెక్టరుగారి భుజం తట్టాడు.

"అదంతా సరేనండీ, మరి నా ఇరవై గ్రాముల సంగతేంటి?"